పిట్టూ, కత్తి, ఉసూరు అడవి
(మోసే బరువు వెనుక ఉన్న చరిత్ర)

మన సంఘం వార్షిక సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు ముందు తటపటాయించాను. యుద్ధాల గురించి, పతకాల గురించి రాయగలిగినవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం పెద్దల మధ్య నేనొక పారామిలిటరీ వాణ్ణి. ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. నాకు బాగా తెలిసినది ఒక్కటే. ముప్ఫై ఏళ్ళకు పైగా నా వీపెక్కి కూర్చున్న పిట్టూ, దానికి కట్టుకున్న కత్తి. వాటి గురించే రాస్తున్నాను.

ఇదీ ఒక చరిత్రేనా అని కొందరు నవ్వొచ్చు. సిపాయి ఏం మోశాడు, ఎలా మోశాడు, ఏది ఎక్కడ కట్టుకున్నాడు అన్నదాన్ని బట్టి ఎన్నో ప్రాణాలు నిలిచాయి, ఎన్నో పోయాయి. ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల కాదు, ఉసూరు దగ్గర ఒక వాగులో తెలిసింది. పుస్తకాలు ఆ తరువాత చదివాను.

ఉసూరు అంటే

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు నాలుగు బ్లాకులు. వాటిలో ఉసూరు ఒకటి. 1998 దాకా అది బస్తర్ జిల్లాలో, తరువాత దంతెవాడ జిల్లాలో ఉండేది. 2007లో బీజాపూర్ జిల్లా ఏర్పడింది. బీజాపూర్ నుంచి ఆవపల్లి మీదుగా ఉసూరు చేరాలి. దక్షిణాన గుట్టలు దాటితే మన తెలుగు నేల. 2016కు ముందు అది ఖమ్మం జిల్లా, ఇప్పుడు ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలు.

అక్కడ పేర్లు వింటే మనవాడికి ప్రాణం లేచొస్తుంది. చింతవాగు, కర్రెగుట్ట. అటువైపు తాల్పేరు అని పిలిచే నది మన చర్ల దగ్గరకు వచ్చేసరికి తాలిపేరు అవుతుంది, గోదావరిలో కలుస్తుంది. అక్కడి దోర్లా గిరిజనుల మాటలో తెలుగు బాగా కలిసి ఉంటుంది. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకునే సంప్రదాయం. కాబట్టి ఉసూరు మనకు మరీ పరాయి ఊరేమీ కాదు.

కానీ నడిచేవాడికి అది కఠినమైన నేల. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే ఎండ, దొరకని నీళ్ళు. వానాకాలంలో పొంగే వాగులు, మలేరియా. వెదురు పొదలు, వీపు మీది ప్రతి పట్టీకీ చుట్టుకునే తీగలు. బాట మీద మందుపాతరలు ఉంటాయన్న భయంతో బాట వదిలి నడవాలి. అలాంటి చోట మూడు రోజుల ఆపరేషన్‌కు బయలుదేరే జవాను ఏం మోయాలి? ఆయుధం, మందుగుండు, నీళ్ళు, పొడి రేషన్, పాంచో, మందులు, వైర్‌లెస్ బ్యాటరీలు. ఒకసారి నా సామాను మొత్తాన్ని రేషన్ స్టోర్ కాటా మీద పెట్టి చూశాను. 28 కిలోలు. అప్పుడు నా బరువు 64.

బరువు ఎవరు మోశారు?

ఈ సమస్య మనతో మొదలైంది కాదు. రెండు వేల ఏళ్ళ కిందట రోమన్ సైనికుడు కూడా దీనితో అవస్థ పడ్డాడు. మారియస్ అనే సేనాపతి పశువుల బళ్ళు తగ్గించి ఎవరి సామాను వారే మోయాలన్నాడు. అందుకే వాళ్ళను ‘మారియస్ కంచర గాడిదలు’ అని ఎగతాళి చేసేవారు. తరువాతి కాలంలో రోమన్ కాల్బలం మోసిన సామాను జాబితాను జోసెఫస్ అనే చరిత్రకారుడు రాశాడు. రంపం, బుట్ట, గునపం, గొడ్డలి, తోలు పట్టీ, కొడవలి, గొలుసు, మూడు రోజుల తిండి. మూడు రోజుల తిండి! మనకూ అదే లెక్క. ఆ మూటను చివర అడ్డకర్ర ఉన్న ఒక కర్రకు కట్టి భుజాన వేసుకునేవారు. శత్రువు కనబడితే కర్ర కింద పడేసి కత్తి దూయడమే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

మన దేశంలో సిపాయి బరువును చాలాకాలం ఇతరులే మోశారు. 1756–57లో క్లైవ్ మద్రాసు నుంచి బెంగాల్‌కు తీసుకుపోయిన సిపాయిలను అక్కడివారు ‘తెలింగా’లని పిలిచారు. తరువాత ఉత్తరాదిన సిపాయికి తిలంగా అన్నది మారుపేరైపోయింది. మన తెలుగువారికి అదొక గుర్తింపు. ఆ సిపాయిలు తుపాకి, సంగీను, చిన్న సంచి మోస్తే, మిగతా సామానంతా ఎద్దుల మీద, కూలీల నెత్తి మీద నడిచేది. 1791–92లో టిప్పు మీదికి వెళ్ళిన కార్న్‌వాలిస్ సైన్యానికి ధాన్యం మోసింది బింజారీలు, అంటే మన లంబాడీ సోదరుల పూర్వీకులు, వాళ్ళ ఎద్దుల మందలు.

అడవి ప్రాంతాల్లో ఆ భారం గిరిజనుల మీద పడింది. సర్కారు వారు వస్తే సామాను మోయాలి, రోడ్డు వేయాలి, కూలీ ఇస్తే ఇచ్చినట్టు లేకపోతే లేనట్టు. 1910లో బస్తర్‌లో లేచిన భూమ్‌కాల్ తిరుగుబాటుకు చెప్పే కారణాల్లో ఈ బేగారి ఒకటి. మన వైపు మన్యంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి చేయించిన వెట్టి, 1922లో అల్లూరి సీతారామరాజు వెనుక జనం నడవడానికి ఒక కారణమైంది. ఆ ఏడాది ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లు పోయాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు చనిపోయారు. తరువాత మలబార్ స్పెషల్ పోలీసును, అస్సాం రైఫిల్స్‌ను రప్పించవలసి వచ్చింది. అడవిలో తేలికగా కదిలేవాడి ముందు బరువుతో కదిలేవాడు ఎంత ఇబ్బంది పడతాడో మన్యం ఆనాడే చూపించింది.

గుడ్డ పట్టీల కాలం

బరువు సిపాయి సొంత వీపు మీదికి పూర్తిగా వచ్చాకే దాని మీద శాస్త్రం మొదలైంది. 1890ల్లో బెర్లిన్‌లోని ఒక సైనిక వైద్య విద్యాసంస్థలో విద్యార్థుల చేత బరువు మోయించి నడిపించారు. చల్లటి వాతావరణంలో 22 కిలోల దాకా మనిషి తట్టుకుంటాడని, ఎండ పెరిగితే ఆ బరువే ముప్పు తెస్తుందని తేలింది. 1950లో అమెరికన్ రచయిత ఎస్.ఎల్.ఏ. మార్షల్ సిపాయి బరువు గురించి ఒక చిన్న పుస్తకమే రాశాడు. శరీర బరువులో మూడో వంతుకు మించకూడదన్నది మనం వినే సూత్రం. నా లెక్కన 21 కిలోలు. నేను మోసింది 28.

బ్రిటిష్ వారు బోయర్ యుద్ధంలో తోలు సామానుతో పడ్డ ఇబ్బంది చూసి 1908లో నూలు పట్టీల ఎక్విప్‌మెంట్ తెచ్చారు. అందులో గొప్పతనం ఏమిటంటే అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కోటు తొడుక్కున్నట్టు తొడుక్కోవచ్చు, కోటు విప్పినట్టు విప్పేయవచ్చు. బరువు ముందూ వెనకా సమంగా ఉంటుంది. ఇంత మంచి ఏర్పాటు చేసి, దాని మీద ఏం చేశారు? 1916 జూలై 1న సోమ్ యుద్ధం మొదటి రోజున ఒక్కొక్కడి మీద సుమారు 30 కిలోలు పెట్టి కందకాల్లోంచి ముందుకు నడిపించారు. ఎక్విప్‌మెంట్ బాగుంటే ఇంకాస్త మోయించవచ్చనుకోవడం అధికారులకు అప్పటినుంచీ ఉన్న జబ్బు.

తరువాత వచ్చిన 1937 పాటర్న్ మన పాతతరం వారందరికీ తెలుసు. ముందు రెండు పెద్ద పౌచ్‌లు, వెనక స్మాల్ ప్యాక్, ఎడమ పక్క సంగీను ఫ్రాగ్, కుడి పక్క వాటర్ బాటిల్. స్వాతంత్ర్యం వచ్చాక చాలా ఏళ్ళు మన దేశంలో అదే నడిచింది. నేను 1984లో భర్తీ అయ్యేనాటికి మా ట్రైనింగ్ సెంటర్‌లో ఆ పట్టీలే ఇచ్చారు. ఇత్తడి బకిల్స్ బ్రాస్సోతో తోమి తోమి వేళ్ళు పచ్చబడేవి. తడిస్తే ఆ గుడ్డ రెండింతలు బరువెక్కేది. ఉస్తాద్ మాకు నేర్పింది పట్టీలు వరుసగా కనబడటం, బకిల్ మెరవడం. ఏది ఎందుకు అక్కడ ఉందో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు.

అడవి నేర్పిన పాఠం

1943లో బర్మా అడవుల్లోకి వింగేట్ చిండిట్ దళాలు వెళ్ళాయి. సుమారు 3,000 మంది. ఒక్కొక్కడి మీద 33 కిలోల పైచిలుకు బరువు. ఆయుధం, గ్రెనేడ్లు, గ్రౌండ్ షీట్, ఏడు రోజుల రేషన్, ఒక మచెట్ లేదా కుక్రీ. శరీర బరువుతో పోల్చి చూస్తే వాళ్ళతో వచ్చిన కంచర గాడిదల కంటే మనుషులే ఎక్కువ మోశారని లెక్క. తిరిగి వచ్చింది సుమారు 2,180 మంది. వారిలో 600 మంది దాకా మళ్ళీ యుద్ధానికి పనికిరాకుండా పోయారు. ఆ అనుభవాలతోనే అడవి కోసం తేలికగా, త్వరగా ఆరేలా, కుళ్ళకుండా ఉండే 1944 పాటర్న్ తయారుచేశారు. అది చేతికొచ్చేసరికి యుద్ధం దాదాపు ముగిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

మన 1962 కథ ఇంకా బాధాకరం. నామ్‌కా చూ ఒడ్డున మన జవాన్లు నూలు బట్టలతో, మనిషికి 50 తూటాలతో నిలబడ్డారు. అక్కడ బరువు ఎక్కువై కాదు, కావలసినవి లేక నష్టపోయాం. అంటే సమస్య తేలికా బరువా అన్నది కాదు. కావలసింది కావలసిన చోట ఉందా లేదా అన్నది.

ఆ తరువాత అమెరికాలో 1973లో నైలాన్ సామాను, 1997లో ‘మోలీ’ పద్ధతి వచ్చాయి. ఇవాళ మన కుర్రాళ్ళ వీపు మీద, ఛాతీ మీద కనబడే అడ్డపట్టీల నిచ్చెన అదే. అంగుళం వెడల్పు పట్టీలు, వరుసకూ వరుసకూ మధ్య అంగుళం ఖాళీ, ప్రతి ఒకటిన్నర అంగుళానికి కుట్టు. ఏ పౌచ్ అయినా, ఏ కత్తి ఒర అయినా ఎక్కడ కావాలంటే అక్కడ తగిలించుకోవచ్చు. పాత రోజుల్లో స్థలం కంపెనీ నిర్ణయించేది, ఇప్పుడు జవాను నిర్ణయించుకోవచ్చు. మంచిదే. కానీ స్వేచ్ఛతో పాటు తప్పు చేసే అవకాశం కూడా వచ్చింది. ఆ తప్పు నా కళ్ళముందే జరిగింది.

ఆ వాగు దగ్గర

2012 ఆగస్టు. ఉసూరు క్యాంపు నుంచి రెండు రాత్రుల గస్తీకి వెళ్ళి తిరిగి వస్తున్నాం. వెళ్ళేటప్పుడు మోకాలి లోతున్న వాగు, వచ్చేటప్పటికి నడుము దాటింది. మా సెక్షన్‌లో శ్రీకాకుళం కుర్రాడు ఒకడు ఉండేవాడు. చురుకైనవాడు. సొంత డబ్బుతో ఒక పెద్ద కత్తి కొనుక్కుని పిట్టూ అడుగు భాగాన అందంగా బిగించుకున్నాడు. దాని మీద వాన కవరు. బయలుదేరిన రోజు పొద్దున ఫాలిన్‌లో అందరి పిట్టూలు నేనే చూశాను. వాడిది చూసి “శభాష్, నీట్‌గా కట్టావు” అన్నాను కూడా.

వాగు మధ్యలో రాయి జారి పడ్డాడు. నడుము బెల్టు, ఛాతీ పట్టీ రెండూ బిగించే ఉన్నాయి. తడిసిన పిట్టూ కిందికి లాగుతోంది, ప్రవాహం పక్కకు తోస్తోంది. ఒక వెదురు బోదెకు పిట్టూ పట్టీ చిక్కుకుంది. బకిల్ మీద బరువు పడితే వేళ్ళతో నొక్కినా ఊడదని మీకందరికీ తెలుసు. కత్తి ఉంది. ఎక్కడ? వాడి వీపు వెనక, నడుము కింద, వాన కవరు లోపల. మునుగుతున్నవాడి చేయి అక్కడికి ఎలా పోతుంది?

మాతో వచ్చిన స్థానిక కానిస్టేబుల్ దోర్లా యువకుడు. అతని సామాను చూసి మావాళ్ళు నవ్వుకునేవారు. చిన్న సంచి ఒక భుజానికి, మొలకు ఒక జానెడు కత్తి. అతను ఒక్క దూకుతో వెళ్ళి మొల కత్తితో రెండు భుజం పట్టీలూ, నడుము పట్టీ కోసేశాడు. కుర్రాడు బయటపడ్డాడు. తుపాకి స్లింగ్‌తో మెడలో ఉంది కాబట్టి అదీ దక్కింది. పిట్టూ మాత్రం ఆ ఖరీదైన కత్తితో సహా కొట్టుకుపోయింది.

ఒడ్డున కూర్చున్నాక ఆ దోర్లా యువకుడు తన తెలుగులో నన్ను అడిగాడు. “మూటలో ఉన్న కత్తి ఎవరికి పనికొస్తది సార్?” నా దగ్గర జవాబు లేదు. నీళ్ళలో దిగే ముందు పట్టీలు విప్పమని చెప్పవలసింది నేను. పొద్దున ఆ కత్తి చోటు తప్పని చెప్పవలసింది నేను. అందంగా ఉందని చూశాను కానీ అందుతుందా అని చూడలేదు. ఉస్తాద్ నాకు నేర్పినట్టే నేనూ నేర్పాను. తప్పు కుర్రాడిది కాదు.

ఆ రాత్రి నాకు బలిమెల గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో మన గ్రేహౌండ్స్ వారు వెళుతున్న పడవ మీద మావోయిస్టులు దాడి చేశారు. పడవ మునిగింది. 38 మంది అమరులయ్యారు. అక్కడ తూటాలు ఉన్నాయి, ఆకస్మిక దాడి ఉంది, అది వేరే సంగతి. కానీ నీటి మీద ప్రయాణించే ప్రతి యూనిఫాం మనిషీ ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఇప్పుడు పడితే ఈ బరువు వదిలించుకోవడానికి నాకు ఎన్ని క్షణాలు పడుతుంది? నౌకాదళం సోదరులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. నేల మీది మాకు కొత్త.

ఏది ఎక్కడ?

ఆ తరువాత నా సర్వీసు ఉన్నన్నాళ్ళూ కుర్రాళ్ళకు ఒకే పద్ధతి నేర్పాను. సామానును మూడు వరుసలుగా చూడాలి. పాత సైనికులకు తెలిసినదే, కొత్తవారి కోసం రాస్తున్నాను.

మొదటి వరుస ఒంటి మీద ఉండేది. జేబుల్లో, మొలకు. పిట్టూ పోయినా, బెల్టు పోయినా మిగిలేది ఇదే. చిన్న కత్తి, దిక్సూచి, అగ్గిపెట్టె, ఫీల్డ్ డ్రెస్సింగ్. రెండో వరుస బెల్టు లేదా వెస్టు. మందుగుండు, నీళ్ళు. మూడో వరుస పిట్టూ. తిండి, పాంచో, బట్టలు. మూడో వరుస ఎప్పుడైనా పారేయడానికి సిద్ధంగా ఉండాలి. అందువల్ల ప్రాణం నిలిపే వస్తువు ఏదీ అందులో మాత్రమే ఉండకూడదు.

చిన్న కత్తి కుడి చేయి, ఎడమ చేయి రెండూ అందుకునే చోట ఉండాలి, అంటే బెల్టు ముందు భాగంలో కొంచెం పక్కగా, లేదా ఛాతీ మీద. ఒక చేతికి గాయమైతే రెండో చేయి పనిచేయాలి కదా. బొడ్డు కింద, తొడ మీదికి మొన వచ్చేలా పెట్టకూడదు. దభాలున నేల మీద పడుకున్నప్పుడు ఒర చిరిగితే తొడ నరం తెగుతుంది. ఛాతీ మీద తలకిందులుగా పెట్టుకోవాలని కుర్రాళ్ళకు సరదా. ఒర గట్టిగా పట్టుకుంటేనే అది పనికొస్తుంది. పిడి పట్టి పది గంతులు వేసి చూడమనేవాణ్ణి. జారిందా, అది అక్కడ ఉండటానికి వీల్లేదు.

పొదలు నరికే పెద్ద కత్తి పిట్టూ పక్కన నిలువుగా, పిడి పైకి, భుజం ఎత్తు దాటకుండా, పక్క పట్టీల కింద బిగించాలి. ఊగకూడదు, చప్పుడు చేయకూడదు, తీగలకు తగలకూడదు. మెరిసే చోట గుడ్డ చుట్టాలి. దాన్ని వెనకున్న తోటివాడు కూడా లాగగలగాలి. అడుగున అడ్డంగా మాత్రం కట్టకూడదు. వానాకాలంలో తోలు ఒర తేమ పట్టి కత్తిని తుప్పు పట్టిస్తుంది, కుట్లు కుళ్ళిపోతాయి. రోజూ తీసి తుడిచి ఒక చుక్క నూనె రాయాలి.

పిట్టూలో బరువైనవి వెన్నుకు ఆనించి, భుజాల మధ్య ఎత్తులో పెట్టాలి. తేలికవి బయటికి, కిందికి. వెన్నుకు దూరంగా పెట్టిన కిలో రెండు కిలోలై లాగుతుంది. ముందు కావలసినవి పైన. మొత్తం సెక్షన్‌కు ఫీల్డ్ డ్రెస్సింగ్ ఒకే జేబులో ఉండాలి. చీకట్లో పడిపోయినవాడి జేబు వెతకడానికి టార్చి వేయలేం. లోపల పెద్ద పాలిథిన్ సంచి వేసి మూతి బిగిస్తే సామాను తడవదు, నీళ్ళలో పిట్టూ తేలుతుంది కూడా. వాగు దాటే ముందు ఛాతీ పట్టీ, నడుము బెల్టు విప్పాలి, భుజం పట్టీలు వదులు చేయాలి. కంఠస్థం చేయవలసింది ఈ ఒక్క మాటే.

మోకు, కావడి

నిజానికి ఇదంతా నేను చిన్నప్పుడే చూశాను, గుర్తించలేదు. మాది వరంగల్ వైపు పల్లె. మా నాయన తాళ్ళు గీసేవాడు. మోకు, ముస్తాదు వేసుకుని చెట్టెక్కేవాడు. కత్తుల ఒర నడుము వెనక పక్కగా, చేయి పోయే చోట. చెట్టు మీద రెండు చేతులూ ఖాళీ ఉండవు, చూపు కల్లు గెల మీద ఉంటుంది. చూడకుండా కత్తి తీయాలి, చూడకుండా మళ్ళీ ఒరలో పెట్టాలి. ఎవరైనా పిల్లలు ఆ ఒరను ఇంకో పక్కకు జరిపితే నాయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. “జాగ మారితే చెయ్యి తప్పుతది బిడ్డా. చెయ్యి తప్పితే పానం తప్పుతది” అనేవాడు. ఆ మాట అర్థం కావడానికి నాకు ఉసూరు దాకా పోవలసి వచ్చింది.

ఉసూరు సంతకు వచ్చే దోర్లా మగవాళ్ళను తరువాత శ్రద్ధగా చూశాను. భుజాన గొడ్డలి, మొలకు కత్తి, నీళ్ళకు సొరకాయ బుర్ర. బరువుంటే కావడి. ఇప్పపువ్వైనా ధాన్యమైనా రెండు పక్కలా సమంగా తూగుతుంది. వీపుకు ఏదీ కట్టుకోరు. పులో ఎలుగో ఎదురైతే, కాలు జారితే, భుజం ఒక్కసారి వంచితే చాలు, కావడి కింద ఉంటుంది, మనిషి స్వేచ్ఛగా ఉంటాడు, కత్తి మొలకే ఉంటుంది. రోమన్ సైనికుడి కర్ర గుర్తుంచుకోమన్నది ఇందుకే. రెండు వేల ఏళ్ళ నాటి ఆ సైనికుడికీ, ఈ గిరిజనుడికీ తెలిసినది ఒకటే. కట్టుకోవడం అందరికీ వచ్చు, వదిలించుకోవడం రావాలి.

మనం వాళ్ళచేత శతాబ్దాలపాటు బరువులు మోయించాం. ఎలా మోయాలో మాత్రం వాళ్ళను అడగలేదు.

చివరగా

2025 ఏప్రిల్ 21 నుంచి మే 11 దాకా, 21 రోజులు, ఉసూరు పక్కనే ఉన్న కర్రెగుట్టల మీద కేంద్ర, రాష్ట్ర బలగాలు పెద్ద ఆపరేషన్ చేశాయి. మండు వేసవి. ఆ వార్తలు టీవీలో చూస్తూ నేను పోరాటం కంటే ఆ కుర్రాళ్ళ వీపుల వైపే ఎక్కువ చూశాను. ఎండదెబ్బ తిన్నవారు, మందుపాతరలకు గాయపడ్డవారు ఉన్నారని విన్నప్పుడు ఎవరి నీళ్ళ సీసా ఎక్కడ ఉందో, ఎవరి డ్రెస్సింగ్ ఏ జేబులో ఉందో అని ఆలోచించాను. మా ఆవిడ “మీరింకా డ్యూటీలోనే ఉన్నారా?” అని నవ్వింది.

శ్రీకాకుళం కుర్రాడు ఇప్పుడు హవల్దారు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. సంక్రాంతికి ఫోన్ చేస్తాడు. కిందటిసారి చేసినప్పుడు తన కింద ఉన్న కొత్తవాళ్ళ పిట్టూలు తానే చూస్తున్నానని చెప్పాడు. “ఎలా చూస్తావురా?” అన్నాను. “కళ్ళు మూసుకుని కత్తి తియ్యమంటాను సార్. కుడిచేత్తో ఒకసారి, ఎడంచేత్తో ఒకసారి. తరవాత పిట్టూ కింద పడెయ్యమంటాను. మూడు లెక్కపెట్టేలోగా పడాలి. పట్టీలు నీట్‌గా ఉన్నాయా లేదా అన్నది ఆఖర్న చూస్తాను” అన్నాడు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళందరికీ నా మనవి కూడా అదే. ఈ సంచిక పక్కన పెట్టి ఒక్కసారి మీ పిట్టూ వేసుకుని ఆ పరీక్ష చేసి చూడండి.

జై హింద్.